పూడ్చేదీ అవే, తవ్వేదీ అవే: కాళ్ల ధమనుల జబ్బులో తెల్లకణాలు

మా ఇంటి నుంచి కాలవగట్టు మీది టీకొట్టుకు ఏడు కరెంటు స్తంభాల దూరం. నాన్న మూడో స్తంభం దగ్గర ఆగిపోయేవాడు. "పిక్క పట్టేసిందిరా, ఒక్క నిమిషం ఆగు" అంటూ స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడేవాడు. రెండు నిమిషాల్లో నొప్పి పోయేది. మళ్లీ నడక. ఆరో స్తంభం దగ్గర మళ్లీ అదే నొప్పి, అదే పిక్కలో. వయసు మీద పడింది కదా అనుకున్నాం. ఒక ఆసుపత్రిలో నడుముకు ఎక్స్‌రే తీసి నరం నొక్కుకుపోయిందన్నారు. ఏడాదిన్నర పాటు ఆ మాత్రలే మింగాడు.

చివరికి ఒక డాక్టరమ్మ ఆయన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బీపీ పట్టీని ముందు జబ్బకు, తర్వాత చీలమండ పైన కట్టింది. పాదం మీద కాస్త జెల్లీ రాసి పెన్నులాంటి డాప్లర్‌ను ఆనిస్తే గాలి వీచినట్టు 'హుష్‌, హుష్‌' మని రక్తం చప్పుడు వినిపించింది. పట్టీలో గాలి నింపితే చప్పుడు ఆగింది. వదులు చేస్తూ పోతే ఒకచోట మళ్లీ మొదలైంది. అక్కడ అంకె 90. చేతి దగ్గర 150. తొంభైని నూట యాభైతో భాగిస్తే 0.6. ఈ నిష్పత్తి 0.9 కంటే తగ్గిందంటే కాలికి రక్తం తీసుకెళ్లే ధమని సన్నబడిందని అర్థం. పావుగంట కూడా పట్టని పరీక్ష.

"నరం కాదండీ, రక్తనాళం పూడుకుపోయింది" అందామె.

నాన్న రైతు. ఏటా వేసవిలో కాలవలు కట్టేశాక దగ్గరుండి పూడిక తీయించిన మనిషి. "పూడిక తీసేస్తే సరిపోద్దా అమ్మా?" అని అడిగాడు.

"తీయొచ్చండీ. కానీ అది ఎక్కడినుంచి వస్తోందో చూడకపోతే మళ్లీ పూడుతుంది కదా!"

ఆ మాట పట్టుకుని కొన్నేళ్లుగా చదువుతున్నాను. డాక్టర్లు పీఏడీ అని పిలిచే ఈ పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్‌తో 2015 నాటికి ప్రపంచంలో దాదాపు 23.6 కోట్ల మంది ఉన్నారని అంచనా. వీరిలో చాలామందికి నొప్పి కూడా తెలియదు. ఇది కొవ్వు జబ్బు అని మనకు నేర్పారు. కొవ్వు ముడిసరుకు మాత్రమే. దాన్ని పూడికగా మార్చేది మన రోగనిరోధక వ్యవస్థ. ధమని మూసుకుపోయాక పక్కనుంచి పిల్లకాలవలు తవ్వి కాలిని బతికించేది కూడా ఆ వ్యవస్థే. ఈ రెండో పనిని మరిచి, గుండెకు కనిపెట్టిన మందుల్ని కాలికి అప్పు తెచ్చుకుంటే సరిపోదని నా నమ్మకం.

ఈ జబ్బును మొదట గుర్తించింది మనిషిలో కాదు, గుర్రంలో. 1831లో ఫ్రాన్స్‌లో బూలే అనే పశువైద్యుడు కాసేపు పరుగెత్తగానే కుంటి, ఆగితే తేరుకునే ఒక గుర్రాన్ని చూశాడు. చనిపోయాక కోసి చూస్తే వెనక కాళ్ల ధమనులు మూసుకుపోయి ఉన్నాయి. 1858లో షార్కో అదే కుంటు మనిషిలోనూ ఉందని రాశాడు. సరిగ్గా ఆ కాలంలోనే జర్మనీలో విర్షో, వియన్నాలో రోకిటాన్‌స్కీ ధమని గోడలోని గడ్డల గురించి వాదించుకుంటున్నారు. రక్తంలోంచి పేరుకున్న పొరలని రోకిటాన్‌స్కీ, గోడలోనే రేగిన వాపు అని విర్షో. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి ధమనుల్లో గడ్డలు పుట్టించాక, విర్షో మాటను అందరూ పక్కన పెట్టేశారు. దశాబ్దాల పాటు ధమని అంటే తుప్పు పట్టిన గొట్టమే.

ఆ ఊహ నుంచి బయటపడడానికి అరవై డెబ్బై ఏళ్లు పట్టింది. 1970లలో అమెరికాలో రసెల్ రాస్ ధమని లోపొరకు తగిలే గాయమే ఆరంభమన్నాడు. 1980లలో స్వీడన్‌లో గోరన్ హాన్సన్ బృందం మనుషుల ధమనుల్లోంచి తీసిన గడ్డల్లో టీ కణాలు ఉన్నాయని చూపింది. టీ కణాలంటే రోగనిరోధక వ్యవస్థలో శత్రువును గుర్తుపట్టి జ్ఞాపకం పెట్టుకునేవి. ఉత్త కొవ్వు గడ్డలో వాటికేం పని? 1999లో రాస్ ధమనుల గట్టిదనం ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపూ మంటల జబ్బేనని తేల్చి రాశాడు. విర్షో మాట దాదాపు నూట నలభై ఏళ్లకు తిరిగొచ్చింది.

లోపల జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. ధమని చీలే మలుపుల్లో, తొడ కింది భాగంలో కండరాల సందున ధమని దూరి వెళ్లే ఇరుకు చోట, రక్తప్రవాహం సాఫీగా ఉండదు, సుడులు తిరుగుతుంది. కాలవలో కూడా ఒండ్రు దిగేది మలుపుల దగ్గరే. అక్కడ లోపొర కణాలు వదులై ఎల్‌డీఎల్ కొవ్వు రేణువులు గోడలోకి దిగుతాయి. ఆక్సిజన్ తగిలి రూపు మారతాయి. రూపు మారిన కొవ్వును మన శరీరం తనదిగా గుర్తుపట్టదు. లోపొర కణాలు తమ ముఖాన జిగురు అణువులు మొలిపించి రక్తంలో పోతున్న మోనోసైట్లనే తెల్లకణాలను ఆపుతాయి. అవి గోడలోకి దూరి మాక్రోఫేజ్‌లు, అంటే భక్షక కణాలు అవుతాయి. 1882లో మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సినాలో నక్షత్రచేప పిల్ల ఒంట్లో ముల్లు గుచ్చి, దాని చుట్టూ మూగిన కణాల్ని చూసి పోల్చుకున్న భక్షకాలు ఈ కుటుంబానివే. అక్కడ ముల్లు, ఇక్కడ కొవ్వు.

ముల్లును ఏదో ఒకటి చేయగలవు గానీ ఈ కొవ్వు తరగదు. మాక్రోఫేజ్ తిన్నకొద్దీ ఉబ్బి, సూక్ష్మదర్శినిలో సబ్బు నురగలా కనిపిస్తుంది. దాని కడుపులో కొలెస్టరాల్ సూదుల్లాంటి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఆ స్ఫటికాలు కణంలోని ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రమాద ఘంటను మోగిస్తాయని 2010లో తెలిసింది. ఘంట మోగితే ఇంటర్‌ల్యూకిన్‌-1 బీటా విడుదలవుతుంది. అది ఇంటర్‌ల్యూకిన్‌-6ను, అది కాలేయంలో సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను పుట్టిస్తాయి. మన ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే సీఆర్‌పీ అంకె ఈ గొలుసు చివర కనిపించే పొగ. నిప్పు పైన ఎక్కడో ఉంది. టీ కణాల్లో కొన్ని ఈ మంటను ఎగదోస్తాయి, గడ్డ మీది పీచుపొరను పలచన చేస్తాయి. నియంత్రక టీ కణాలు దాన్ని అణచాలని చూస్తాయి. గడ్డ పగిలితే ప్లేట్‌లెట్లతో పాటు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి తమ డీఎన్‌ఏనే వలలా విసురుతాయి. క్రిముల్ని పట్టడానికి పుట్టిన ఆ వలను 2004లో కనుగొన్నారు. ధమనిలో అది పట్టేది రక్తాన్ని. గడ్డకట్టడానికి అది మంచి పందిరి.

ఇదంతా కాలికీ వర్తిస్తుందని జనాభా అధ్యయనాలు చెప్పాయి. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న మగ డాక్టర్ల రక్తాన్ని దాచి ఏళ్ల తరబడి గమనిస్తే, తర్వాత కాళ్ల ధమనుల జబ్బు వచ్చినవారిలో సీఆర్‌పీ ముందే ఎక్కువగా ఉందని 1998లో పాల్ రిడ్కర్ బృందం రాసింది. ఎడిన్‌బరోలో 55 నుంచి 74 ఏళ్ల మధ్య 1,592 మందిని 1988 నుంచి గమనించిన అధ్యయనంలో, చీలమండ నిష్పత్తి పడిపోవడానికీ ఇంటర్‌ల్యూకిన్‌-6కీ సంబంధం కనిపించింది. పొగ ఉన్నచోట నిప్పుందని మాత్రమే ఇవి చెబుతాయి. అంటించింది ఎవరో తేలాలంటే మందు ఇచ్చి చూడాలి.

అంతకంటే ముందు ఒక చిక్కు. కాలి ధమని గుండె ధమని కాదు. మెడలోని ధమని గడ్డతో పోలిస్తే తొడ ధమని గడ్డలో కొవ్వు తక్కువ, పీచు, సున్నం ఎక్కువ. మోకాలి కిందకు వెళితే కథ ఇంకా మారుతుంది. తీసేసిన కాళ్లలోని ధమనుల్ని ముక్కలు చేసి పరిశీలించి 2018లో నవనీత్ నరులా బృందం రాసిన వ్యాసం నన్ను బాగా కదిలించింది. పిక్క ధమనులు చాలావాటిలో చెప్పుకోదగ్గ కొవ్వు గడ్డే లేదు. రక్తపు గడ్డ ఉంది, గోడ మధ్యపొరలో సున్నం ఉంది. అంటే కొవ్వు, నురగ కణం, పగులు అనే గుండె కథను మోకాలి కిందకు ఉన్నదున్నట్టు దించలేం. పైగా ఈ సున్నం వల్ల ధమని కర్రలా బిగుసుకుని పట్టీ ఒత్తిడికి లొంగదు. చీలమండ నిష్పత్తి 1.4 దాటి కనిపిస్తుంది. షుగర్ ఉన్నవారిలో 'మామూలుగానే ఉంది' అనిపించే 1.1 కూడా మోసమే కావచ్చు. అందుకే వారికి బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలవాలి. మన దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లని 2023లో ఐసీఎంఆర్ సర్వే లెక్కగట్టింది కనుక, ఇది పక్కన పెట్టే సంగతి కాదు.

కొవ్వు ప్రమేయమే లేకుండా రోగనిరోధక వ్యవస్థ కాలిని మూసేయగలదనడానికి సాక్ష్యం మన పల్లెల్లోనే ఉంది. ముప్పై నలభై ఏళ్ల మగవాడు, చేతిలో బీడీ, కాలివేలు నల్లబడి రాత్రంతా కాలు మంచం కిందకు వేలాడేసుకుని కూర్చుంటాడు. వేలాడేస్తే కాస్త రక్తం దిగి నొప్పి తగ్గుతుంది మరి. ఇది బర్గర్స్ డిసీజ్. 1879లో వినివార్టర్ ఒక రోగిని వర్ణించాడు. 1908లో న్యూయార్క్‌లో లియో బర్గర్ తీసేసిన 11 కాళ్లను పరీక్షించి రాశాక అతని పేరు నిలిచింది. ఇందులో ధమనిని నింపిన రక్తపు గడ్డ నిండా తెల్లకణాలే, గోడ మాత్రం పెద్దగా చెడదు. లోపొర కణాల మీదికి తిరగబడే యాంటీబాడీలు చాలామంది రోగుల్లో కనిపించాయి. పొగాకులోని ఏ పదార్థం ఈ తిరుగుబాటును రేపుతుందో తేలకపోయినా, పొగాకు పూర్తిగా మానితే జబ్బు ఆగుతుందన్నది రూఢి. కుళ్లు మొదలుకాక ముందే మానేసినవారికి కాలు తీసే అవసరం దాదాపు రాదు. రోజుకు ఒక్క బీడీ కూడా ఎక్కువే. 1908లోనే జపాన్‌లో తకయాసు ఒక యువతి కంటిలో చూసిన వింత రక్తనాళాలు, చేతుల ధమనుల్ని మూసే మరో రోగనిరోధక జబ్బుకు పేరిచ్చాయి. మెచ్నికోవ్‌కు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే.

ఇప్పుడు పిల్లకాలవల సంగతి. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. తొడ ధమని మూసుకుపోయినా నాన్న కాలు ఎందుకు కుళ్లలేదు? పెద్ద ధమని మూసుకుపోతే దాని పైనా కిందా ఒత్తిడి తేడా పెరుగుతుంది. అప్పటిదాకా వెంట్రుకల్లా పడివున్న పక్కదారుల్లోకి రక్తం తోసుకుపోతుంది. ఆ ఒరిపిడికి వాటి లోపొర కణాలు మేల్కొని ఎంసీపీ-1 అనే పిలుపు పంపుతాయి. వచ్చేవి ఎవరు? మళ్లీ మోనోసైట్లే. అవి గోడ చుట్టూ చేరి, పాత గోడను కరిగించి, కండర కణాల్ని పెంచి, సన్నటి దారిని వెడల్పు చేస్తాయి. జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో వోల్ఫ్‌గాంగ్ షాపర్ ఈ పని మీదే జీవితం గడిపాడు. తొడ ధమనిని కట్టేసిన కుందేళ్లకు ఎంసీపీ-1 ఎక్కిస్తే పక్కదారులు బాగా పెరిగాయని 1997లో ఆయన ప్రయోగశాల చూపింది.

అయితే రోజూ ఇంజెక్షన్ ఇస్తే పోలేదా? ధమనులు తొందరగా పూడే జాతి ఎలుకలకు అదే ఎంసీపీ-1 ఇచ్చారు. పక్కదారులు పెరిగాయి, వాటితో పాటు ధమనుల్లో పూడికా పెరిగింది. ఒకే పిలుపు, ఒకే కూలీలు, రెండు పనులు. మనుషుల్లో మోనోసైట్లను పెంచే జీఎం-సీఎస్‌ఎఫ్‌ను నడక నొప్పి ఉన్న 40 మందిపై పరీక్షించిన ప్రయత్నం 2005లో ఫలితం లేకుండా ముగిసింది. వారు నడిచే దూరం పెరగలేదు. షుగర్ ఉన్న ఒంట్లో ఈ కూలీల తీరే మారిపోతుంది. పుండు దగ్గర మాక్రోఫేజ్‌లు మొదట మురికి ఊడ్చి, తర్వాత స్వభావం మార్చుకుని కొత్త కణజాలం కట్టాలి. షుగర్ ఎక్కువగా ఉంటే అవి మొదటి దశలోనే ఇరుక్కుపోతాయి. నెలల తరబడి మానని పాదం పుండు వెనక రక్తం కొరతతో పాటు ఈ ఆగిపోయిన మలుపు కూడా ఉంది. మన దగ్గర కాళ్లు తీసేయాల్సి వస్తున్న చోట ఎక్కువగా ఈ రెండూ కలిసే ఉంటాయి.

మందుల పరీక్షల్ని ఈ వెలుగులో చదవాలి. క్లమీడియా అనే సూక్ష్మజీవి ధమని గోడలో దాక్కుని మంట రేపుతోందని 1990లలో గట్టిగా నమ్మారు. గుండె రోగులకు యాంటీబయోటిక్‌లు ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలన్నీ విఫలమయ్యాయి. కాళ్ల ధమనుల రోగులకు రాక్సిత్రోమైసిన్ ఇచ్చిన డెన్మార్క్ పరీక్షా 2008లో అదే చెప్పింది. ఆ అధ్యాయం ముగిసినట్టే.

అసలు మలుపు 2017లోని కాంటోస్ పరీక్ష. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంతకు పైన ఉన్న 10,061 మందిపై, ఇంటర్‌ల్యూకిన్‌-1 బీటాను మాత్రమే కట్టడి చేసే కనకినుమాబ్‌ను పరీక్షించారు. కొలెస్టరాల్ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదుతో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి 15 శాతం తగ్గాయి. మంటను మాత్రమే తగ్గించినా ధమనికి మేలు జరుగుతుందని మొదటిసారి రుజువైంది. దానికి చెల్లించిన ధరా తెలిసింది. ఇన్‌ఫెక్షన్లతో మరణాలు ఏడాదికి వెయ్యి మందిలో ఇంచుమించు ఇద్దరి నుంచి ముగ్గురికి పెరిగాయి. పుండ్లతో, కుళ్లుతో మంచాన పడిన కాలి రోగికి ఈ తేడా గుండె రోగికంటే చాలా ఎక్కువ బరువు. 38 మంది కాలి రోగుల మీద జరిగిన చిన్న పరీక్షలో ఇదే మందు తొడ ధమని గడ్డను ఏమీ కరిగించలేదు గానీ, నొప్పి లేకుండా నడిచే దూరాన్ని కాస్త పెంచింది. ధమని మారకుండా నడక మారడం చిత్రమైన సంగతి. మేలు కండరంలోనో, చిన్న నాళాల్లోనో జరిగి ఉండాలి. ఇంత చిన్న పరీక్ష మీద ఇల్లు కట్టలేం, కానీ ఈ ఆనవాలును వదలకూడదు.

తర్వాత మెతోట్రెక్సేట్ వంతు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనలోంచి 1940లలో వచ్చిన మందు ఇది. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే చవక మాత్ర. సీఐఆర్‌టీ పరీక్షలో 4,786 మంది గుండె రోగుల మీద చూస్తే ఏ మేలూ కనబడలేదు. కారణం స్పష్టంగానే ఉంది. అది ఇంటర్‌ల్యూకిన్‌-1 బీటానుగానీ, 6నుగానీ, సీఆర్‌పీనిగానీ తగ్గించలేదు. మంటను తగ్గించడం అంటే ఏ మంట, ఏ దారిలో అన్నది ముఖ్యమని సుబ్బారావు గారి మందు ఓడిపోయి నేర్పింది.

కొల్చిసిన్ కథ మన చేలకు ఇంకా దగ్గర. మనం అడవినాభి అని పిలిచే మంటరంగు పూల తీగలో ఈ పదార్థం ఉంది. దీని గింజల కోసం తమిళనాడు రైతులు ఆ తీగను పంటగా వేస్తారు. దుంప తింటే ప్రాణం పోతుంది, ఎవరూ ఇంటి వైద్యం అనుకోవద్దు. రోజుకు అర మిల్లీగ్రాము శుద్ధమైన మందు మాత్రం న్యూట్రోఫిల్స్ కదలికను, ప్రమాద ఘంటను మందగింపజేస్తుంది. 2019లో 4,745 మందితో జరిగిన కోల్‌కాట్, 2020లో 5,522 మందితో జరిగిన లోడోకో2 గుండె రోగుల్లో మేలు చూపాయి. 2023లో ఈ మందును అమెరికా ఆమోదించింది. 2024లో 7,062 మందితో వచ్చిన క్లియర్ సినర్జీ గుండెపోటు తర్వాత మేలేమీ లేదని తేల్చి అందర్నీ ఆలోచనలో పడేసింది. ఈ మూడూ గుండె రోగులవే. న్యూట్రోఫిల్స్‌ను ఆపే మందు కాలిలో పక్కదారుల్ని ఏం చేస్తుంది, పుండును మానేలా చేస్తుందా, ఆలస్యం చేస్తుందా? గుండెపోట్లు లెక్కపెట్టే పరీక్షలో దీనికి జవాబు దొరకదు. నడిచిన మీటర్లు, మానిన పుండ్లు, నిలిచిన కాళ్లు లెక్కపెట్టాలి.

ఈలోగా చేతిలో ఉన్నవాటిని తక్కువ చేయకూడదు. ముడిసరుకు తగ్గితే మంట తానే తగ్గుతుంది. 6,748 మంది కాలి రోగులున్న హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో కొలెస్టరాల్ తగ్గించే సింవాస్టాటిన్ గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనల్ని ఐదో వంతుకు పైగా తగ్గించింది. 3,642 మంది కాలి రోగులు కూడా ఉన్న ఫోరియర్ పరీక్షలో, మొత్తం రోగులందరిలో కలిపి, ఎల్‌డీఎల్‌ను బాగా దించితే కాలు తీసేయడం, హఠాత్తుగా కాలు చల్లబడడం వంటివి 42 శాతం తగ్గాయి. అయినా కాలి రోగులకు స్టాటిన్ రాయకుండా పంపేయడం నేను కళ్లారా చూశాను. నాన్నకు నరాల మాత్రలిచ్చిన ఏడాదిన్నరలో ఒక్క స్టాటిన్ మాత్ర పడలేదు.

నాన్నకు ఆ డాక్టరమ్మ రాసిన చీటీలో స్టాటిన్, రక్తం పలచబరిచే మాత్ర, 'చుట్ట మానాలి' అన్న మాట, దాని కింద నడక. నొప్పి వచ్చేదాకా నడవాలి, భరించలేననేదాకా వచ్చాక ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. అలా అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం మూడు రోజులు, పన్నెండు వారాలు. నొప్పి వస్తే పడుకోవాలనుకునే ఇంట్లో ఇది వినడానికే కష్టంగా అనిపించింది. కానీ పక్కదారుల్లో ఒరిపిడి పుట్టించేది ఆ నడకే. ఆ ఒరిపిడి ఉంటేనే మోనోసైట్లు తవ్వకానికి వస్తాయి. కండరం కూడా తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ పని చేయడం నేర్చుకుంటుంది. క్రమం తప్పకుండా నడిచేవారిలో ఒంట్లోని మంట మొత్తం మీద తగ్గుతుంది. పూడికను ఎగదోయకుండా తవ్వకాన్ని మాత్రమే పెంచే చికిత్స ఇప్పటికి నాకు తెలిసి ఇదొక్కటే.

చుట్ట మానడానికి నాన్నకు నాలుగు నెలలు పట్టింది. నడకను మాత్రం మర్నాడే మొదలుపెట్టాడు. వంటింటి తలుపు వెనక వేలాడే క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద పెన్సిలుతో ఒక అంకె రాసుకునేవాడు, ఆ రోజు ఎన్నో స్తంభం దగ్గర పిక్క పట్టిందో. మొదటి నెలంతా మూడు. రెండో నెలలో నాలుగులు, మధ్యమధ్య మళ్లీ మూడు. మూడో నెల చివరి వారంలో ఒక తేదీ కింద అంకె లేదు, 'టీ' అని రాసి ఉంది.